చుక్కదాని గమనిక

మే 8, సోమవారం

ఈ డైరీ ఆఫీసులో ఉత్తగా దొరికింది. జనవరిలో ఏదో పశువుల మందుల కంపెనీ పంచితే మిగిలిపోయిందట. ప్రతి పేజీ కింద ఒక గొర్రె బొమ్మ. ఇంటి వెనక దొడ్డిలో నూటికి పైగా గొర్రెలున్న దాన్ని, నాకు ఇదే దొరకాలా!

చేరి పది రోజులైంది. చౌటుప్పల్‌లో హైవే పక్కన, సిమెంటు దుకాణం మీద మూడు గదులు. మందు డబ్బాల్లో మడతలు పెట్టి ఒక కాగితం ఉంచుతారే, ఎవరూ చదవనిది, అది తయారుచేస్తాం. అమ్మ మాత్రం ఊరంతా నేను మందుల కంపెనీలో ఉన్నానని చెప్పుకుంది. ఇప్పటికే ఇద్దరు మోకాళ్ల నొప్పులకు మందు తెమ్మని అడిగారు.

కట్టంగూర్ నుంచి రోజూ బస్సు. నార్కట్‌పల్లి దాకా నిలబడే రావాలి. పనికొస్తానని తేలితే సెప్టెంబరు ఒకటిన పర్మనెంట్ చేస్తారట.

మే 11, గురువారం

వసంతలక్ష్మి మేడమ్ దగ్గర మొదటి పాఠం. నలభై ఏళ్లుంటాయి. పుట్టినిల్లూ మెట్టినిల్లూ మగ్గాల ఇళ్లే. చూపు ఎంత పదునంటే, పేజీలో చుక్క జరిగినా పట్టేస్తుంది.

కాగితంలోని మాటలన్నీ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్లో ఉంటాయి, అందులో అక్షరాలకు బట్టలుండవట. మందు పేరు ఒక ట్యాగ్‌లో, అంటే పేరు రాసిన సంచిలాంటిదాంట్లో, మోతాదు ఒక ట్యాగ్‌లో, హెచ్చరిక ఒక ట్యాగ్‌లో ఉంటాయి, అంతే. ఎంత సైజు, ఏ రంగు, పేజీలో ఏ మూల, ఇవేవీ ఉండవు. ఆ బట్టలు తొడిగేది స్టైల్‌షీట్. అదే ఫైలుకు ఒక స్టైల్‌షీట్ తొడిగితే డబ్బాలో కాగితం, ఇంకోటి తొడిగితే దవాఖాన గోడ మీద పోస్టర్. మాటలు ఒక్కసారే రాయాలి, బట్టలు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

నాకు నచ్చింది. ఇంటికొచ్చి బాపుకు చెప్తే, అంటే నువ్వు దర్జీ పని చేస్తున్నవా బిడ్డా అన్నాడు. సరే, దర్జీనే.

మే 22, సోమవారం

ఛీ. పది రోజుల పని చెత్తబుట్టలోకి.

నేను రాసిన స్టైల్‌షీట్ ఇలా ఉంది: ముందు పేరు తీసుకురా, తర్వాత మోతాదు తీసుకురా, తర్వాత హెచ్చరిక తీసుకురా. మొదటి మందుకు అద్దంలా వచ్చింది. రెండో మందులో ఒక పట్టిక పూర్తిగా మాయం. ఆ ఫైల్లో పట్టిక మోతాదు లోపల ఉంది. నేనక్కడ అడగలేదు, అది రాలేదు.

మేడమ్ చూసి, ఒక్కొక్కరిని చెవిపట్టి గుంజుకొస్తున్నవ్, నువ్వు గుంజనోళ్లు లోపల్నే ఉండిపోరా అంది. గిట్ల కాదు, మొత్తం తీసెయ్ అంది. గట్టిగా కూడా అనలేదు, అదే ఎక్కువ మండింది. బాత్రూంలో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేసరికి నా టేబుల్ మీద ఆమె డబ్బాలోంచి రెండు సర్వపిండి ముక్కలు ఉన్నాయి. తిన్నాను.

మే 23, సాయంత్రం

దొరికింది! దొడ్డిలో దొరికింది!

పగలు తల్లులు మేతకు పోతాయి, చిన్న పిల్లలు తడికెల లోపల ఉంటాయి. ఇవాళ మంద తిరిగొచ్చే వేళకు నేను ఇంట్లోనే ఉన్నాను. బాపు తడికె తీసి పక్కకు నిలబడ్డాడు. అంతే, ఇంకేమీ చెయ్యలేదు. ఒక్కో తల్లీ ఒక్కో గొంతుతో పిలిచింది. ఏ పిల్ల ఆ తల్లి కిందికి దూరింది. చిన్నప్పుడు నేను సాయం చేస్తానని పిల్లల్ని చంకనెత్తుకుని తల్లుల దగ్గరికి మోసేదాన్ని. అన్నీ తారుమారు చేసేదాన్ని. నువ్వు మొయ్యకే తల్లీ, అవే పోతయ్ అని బాపు నవ్వేవాడు.

మేడమ్ చెప్పింది కూడా ఇదే కదా! ప్రతి ట్యాగుకూ దాని టెంప్లేట్, అంటే అది వస్తే ఏం చెయ్యాలో చెప్పే మాట, రాసిపెట్టి, అప్లై-టెంప్లేట్స్ అని తడికె తియ్యాలి. ఎవరు ఎక్కడున్నా వాళ్లే వస్తారు. నేను మోయనక్కర్లేదు.

పాలు తాగడాలు అయ్యాక బాపు తడికె లోపలికి వంగి చూశాడు, ఎప్పుడూ చూస్తాడు. ఏమన్నా మిగిలిందా అని. తాగినదాన్ని చూసి ఏం లాభం, మిగిలినదాన్నే చూడాలె అంటాడు. తర్వాత పేర్లు చదువుతాడు, తల్లి, దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. బొల్లిది, ఎర్రది, పొట్టిచెవులది. కాగితం లేదు, కలం లేదు. చివర నాది, చుక్కది.

చుక్కది నిజంగా నాదే. నేను పుట్టిన ఏడు అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, ఒక ఆడ గొర్రెపిల్లను నా పేరున మందలో విడిచింది. ఆ తల్లి బిడ్డ, దాని బిడ్డ, ఆ వరసలో ఇది నాలుగోది. రెండేళ్ల కింద రోగం తగిలి ఆ వరసలో మిగతావన్నీ పోయాయి. నుదుట తెల్ల చుక్కతో ఇదొక్కటే మిగిలింది. దీనికి ఆడపిల్ల పుడితేనే నా వరస ఉంటుంది.

జూన్ 5

వచ్చింది. మూడు మందులకు మూడు కాగితాలు, పట్టికలతో సహా. మేడమ్ చూసి, పర్వాలే అంది. ఆమె నోట పర్వాలే అంటే మెడలో దండ వేసినట్టేనని శ్రవణ్ చెప్పాడు.

శ్రవణ్ మా ఆఫీసులో ఇంగ్లీషు ఫైళ్లను తెలుగు చేస్తాడు. హైదరాబాద్‌లో పెరిగినవాడు, గొర్రెకూ మేకకూ తేడా చెప్పలేడు. ఇవాళ నన్ను అడిగాడు, కడుపుతో ఉన్న గొర్రెను మీ దిక్కు ఏమంటారని. తను గర్భిణీ గొర్రె అని రాశాడట! నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేశాను. చూడి గొర్రె అంటాం బాబూ, రాసుకో అన్నాను. రాసుకున్నాడు.

జూన్ 19, సోమవారం

పరువు పోయింది. గొర్రెల కడుపులో పురుగులకు పోసే నట్టల మందు కాగితం ప్రూఫు కంపెనీకి పోతే, వాళ్లు ఫోన్ చేసి నవ్వుతూనే తిట్టారు. శ్రవణ్ తన సందేహాలన్నీ గమనిక అనే ట్యాగ్‌లో రాసి పెడతాడు. తడికె తీస్తే అవి కూడా వచ్చేశాయి. మోతాదు కింద బోల్డ్‌లో, ఈ మాట పల్లెల్లో తెలుస్తదా, స్వర్ణను అడగాలె అని అచ్చయింది. గొర్రెల కాపరులంతా నన్ను అడగాలన్నమాట.

ఇంకో గోల. కాగితం ఒకే వైపు పట్టాలి, నాలుగు లైన్లు వెనక్కి పోతున్నాయి. గమనికలన్నీ తీసెయ్యండి, ఒకే వైపుకు తెండి, రేపటికల్లా అన్నారు.

జూన్ 20

అయిపోయింది! ఒకే ఒక్క లైను. గమనిక అనే ట్యాగు కనబడితే ఏమీ చెయ్యకు, అంతే. దీన్నే ఖాళీ టెంప్లేట్ అంటారు. గమనికలు పోయాయి, వెనక్కి పోయిన నాలుగు లైన్లూ పోయాయి, కాగితం ఒకే వైపుకు కుదిరింది. శ్రవణ్ చప్పట్లు కొట్టాడు. మేడమ్ చూసి సంతకం పెట్టింది, కంపెనీవాళ్లూ పెట్టారు. సాయంత్రం మిర్చి బజ్జీలు నా ఖర్చే.

జులై 14, శుక్రవారం

అచ్చయిన కాగితం ఒకటి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చాను. నూనె అంటింది. బాపుకు చదవడం రాదు, అయినా ముందూ వెనకా తిప్పి చూశాడు. గిదంత నువ్వే పేర్చినవా అని మూడుసార్లు అడిగాడు. గొర్రె బొమ్మ మీద వేలు పెట్టి, దీని కాళ్లు మంచిగ లేవు గని కాయితం మస్తున్నది అన్నాడు. మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. ఉతకడానికి వేసేటప్పుడు తీసి, మళ్లీ పెట్టుకుంటున్నాడని అమ్మ చెప్పింది.

నవ్వొస్తోంది, ఏడుపు కూడా వస్తోంది. ఇంత మంచి మనిషిని నాకు బాపుగా ఎవరిచ్చారో.

ఆగస్టు 20, ఆదివారం

నడుము విరిగింది. పొద్దున్నే మందకు నట్టల మందు పట్టాం. బాపు ఎప్పటి మందు కాదని మా కాగితం ఉన్న కొత్త మందే కొన్నాడు, నకిరేకల్ దాకా పోయి మరీ. దుకాణంలో కూడా చెప్పాడట, లోపలున్న కాయితం మా బిడ్డదని.

పొట్టేలును మందలో కలిపి మూడు వారాలైంది. అందుకే బాపు కొంచెం జంకాడు. సూడివాటికి పొయ్యొచ్చునా, కాయితంల ఏమన్న ఉన్నదా జర చూడు అన్నాడు. డబ్బాలోంచి కాగితం తీసి పైనుంచి కింది దాకా చదివాను. ఏం లేదు బాపూ, ఉంటే రాస్తారు అన్నాను. అయితే ఫికర్ లేదు అని సీసా ఎత్తాడు. నేను దవడ పట్టుకున్నాను, బాపు పోశాడు. చుక్కది తల విదిల్చి సగం నా మొహాన ఊసింది. మళ్లీ పట్టి పోశాం.

ఆగస్టు 23, బుధవారం, పగలు 11.40

పని ఆపి ఇది రాస్తున్నాను.

పొద్దున మేడమ్ అదే నట్టల మందుకు దవాఖాన పోస్టర్ చెయ్యమంది. ఫైలు అదే, స్టైల్‌షీట్ కొత్తది. కొత్తదాంట్లో నేనింకా ఖాళీ టెంప్లేట్ రాయలేదు. నడిపితే పోస్టర్ కింద ఒక లైను వచ్చింది: చూడి గొర్రెలకు మొదటి నెలలో ఈ మందు ఇవ్వరాదు, పిల్లలు అవకరంతో పుట్టవచ్చు.

ఇంగ్లీషులో అది పేజీ అడుగున నక్షత్రం గుర్తుతో ఉందట. శ్రవణ్ దాన్ని ఏ ట్యాగ్‌లో పెట్టాలో తెలియక గమనికలో పెట్టాడు. నేను గమనికలన్నిటి నోరూ మూసేశాను. ఆ వెనక్కి పోయిన నాలుగు లైన్లలో ఒకటి ఇదే. దానికి మేం చప్పట్లు కొట్టి బజ్జీలు తిన్నాం.

చూడి అన్న మాట కూడా నేనిచ్చిందే.

అదే రోజు, రాత్రి భోజనాలయ్యాక

బస్సులో మొత్తం దారీ ఒకటే ఆలోచన. టెంప్లేట్ రేపు గుట్టుగా దిద్దేస్తే, తర్వాతి అచ్చులో లైను వస్తుంది. ఎవరూ అడగరు. పర్మనెంట్‌కు తొమ్మిది రోజులే ఉంది. చిట్యాల దాటే దాకా ఇదే అనుకున్నాను, రాస్తున్నాను, సిగ్గుగా ఉంది. తర్వాత, ఇంకెన్ని ఇళ్లలో ఇంకెంతమంది బిడ్డలు ఈ కాగితం చదివి ఏం లేదు బాపూ అంటున్నారో అనిపించింది.

ఇంట్లో చెప్పేశాను. అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆగం చేస్తివి గదనే అంది. సోమమ్మ బిడ్డ చదువు గిట్లున్నదా అని నలుగురూ నా పేరు పెట్టి అనరా అంది. అననీ, అన్నాను.

బాపు కంచం పక్కకు పెట్టాడు. చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు చదివినవ్, లేనిది ఎట్ల చదువుతవ్ బిడ్డా అన్నాడు. నేను జంకిన, జంకి గూడ పోసిన, తప్పు నాది గూడ ఉన్నది అన్నాడు. తప్పు బాపుది కాదు. కాగితం చూసి కాదు, నన్ను చూసి పోశాడు.

ఆగస్టు 24

చెప్పాను. నిలబడే చెప్పాను.

మేడమ్ మొహం ఎర్రబడింది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది, ఒక్కటీ రాయను. తర్వాత నా ముందే కంపెనీకి ఫోన్ చేసింది. బయటికి పోని డబ్బాలు ఆపుతారట. పోయినవాటికి ప్రతి దుకాణానికీ మనిషిని పంపి ఎర్ర స్టిక్కర్ అంటిస్తారట. తప్పు ఎలా జరిగిందో రాసివ్వమంటే, స్వర్ణ అని నా పేరుతోనే రాశాను. మేడమ్ చదివి, కింద తన పేరు కూడా రాసింది. నేను గూడ కండ్లు మూసుకునే సంతకం పెట్టిన కదా అంది. శ్రవణ్ లేచి వచ్చి మూడో పేరు రాశాడు, ఎవరూ అడగకుండానే.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఏడ్చాను.

సెప్టెంబరు 1

పర్మనెంట్ కాలేదు. ఇంకో మూడు నెలలు చూస్తారట. మేడమ్ చెప్తుంటే తల ఊపాను, తప్పేముంది.

కానీ ఒక పని అప్పజెప్పింది. ఫైల్లో ఉన్న ప్రతి మాటా పేజీలోకి వచ్చిందా లేదా అని చూసి, రానివాటిని ఎర్రగా చూపించే స్టైల్‌షీట్ ఒకటి కావాలట. బాపు రోజూ తడికెలోకి వంగి చేసేది అదే. నా కళ్ల ముందే చేశాడు, నేను డైరీలో కూడా రాసుకున్నాను, సగమే నేర్చుకున్నాను. ఆ ఫైలుకు మిగిలిన పిల్ల అని పేరు పెట్టాను.

సెప్టెంబరు 29

ఇప్పుడు ఆఫీసంతా ఇదే మాట. ఏ కాగితం బయటికి పోవాలన్నా, మిగిలిన పిల్లను చూసినవా అని మేడమ్ అరుస్తుంది. మొన్న కంపెనీవాళ్లు ఫోన్‌లో విని, మీ దగ్గర పిల్లలెవరు మిగిలారని కంగారుపడ్డారట.

అక్టోబరు 15, ఆదివారం

చుక్కది చూడి నిలిచింది! కడుపు తెలుస్తోంది. బాపు రెండు చేతులూ కింద పెట్టి చూసి, ఉన్నది అన్నాడు. ఎలా ఉందో మాత్రం పుడితేనే తెలుస్తుంది. జనవరి మొదట్లో ఈనుతుందట.

ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి మొత్తం మందను ఫైల్లో ఎక్కించడం మొదలుపెట్టాను. బాపు చెప్తుంటే నేను టైపు చేస్తున్నాను. తల్లి ట్యాగ్ లోపల పిల్లలు, ఆ పిల్ల తల్లయితే దాని లోపల దాని పిల్లలు. ట్యాగుల పేర్లు కూడా తెలుగులోనే పెట్టాను, కంప్యూటర్ ఒప్పుకుంది. గమనిక కూడా పెట్టాను. పొట్టిచెవులదాని కింద బాపు చెప్పిన గమనిక: ఇది దొంగది, పక్కమంద మేత తింటది. దీని స్టైల్‌షీట్‌లో ఖాళీ టెంప్లేట్ లేదు. గమనికలన్నీ పేరు కిందే వస్తాయి, అదే సైజులో.

బాపు ప్రింటు తీసుకుని మందు కాగితంతో కలిపి జేబులో పెట్టుకున్నాడు. మందు కాగితం మడతలు అప్పుడే చిరిగేలా ఉన్నాయి.

డిసెంబరు 3, ఆదివారం

వరి కోతలైపోయాయి. అమ్మా బాపూ మందను తోలుకుని మిర్యాలగూడ దిక్కు పోయారు. అక్కడ కోసిన పొలాల్లో మంద పెడతారు, రైతుకు ఎరువు, గొర్రెలకు మేత. మార్చి దాకా రారు. నేను చౌటుప్పల్‌లో మేడమ్ వాళ్లింటి మీది గదిలోకి మారాను. కిరాయి ఎంతంటే, పెండ్లయినంక మాట్లాడుకుందాం అంటుంది. ఎవరి పెండ్లో చెప్పదు.

అన్నట్టు, పర్మనెంట్ అయ్యాను. మొన్ననే. ఫోన్‌లో చెప్తే బాపు, చుక్కదానికి గూడ చెప్త అన్నాడు.

డిసెంబరు 27

ఈతలు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం బాపు ఫోన్‌లో పేర్లు చదువుతాడు, నేను ఫైల్లో ఎక్కిస్తాను. ఎర్రదానికి ఒకటి, పోతు. పొట్టిచెవులదానికి ఒకటి, ఆడది. అన్నీ బాగున్నయా అని అడిగితే, దేవుని దయ అంటాడు. వెనక గొర్రెలు అరుస్తుంటాయి. మేడమ్ వాళ్ల అత్త మగ్గం మీది నుంచి వినేది. ఇప్పుడామె కూడా అడుగుతోంది, ఇయ్యాల ఎన్ని అని.

డిసెంబరు 30

ఒకటి ఈసుకపోయింది, అంటే నెలలు నిండకుండానే పడేసింది. బాపే చెప్పాడు. ఏటా ఒకటో రెండో పోతయ్ బిడ్డా, నువ్వు మనసుల పెట్టుకోకు అన్నాడు. పెట్టుకున్నాను.

జనవరి 6, శనివారం, సాయంత్రం 6.20

చుక్కది ఈనింది! ఆడపిల్ల!!

బాపు మామూలుగా వరసలో చదివి చదివి చివర చెప్పాడు. చుక్కదానికి ఒకటి, ఆడది, మంచిగున్నది. అమ్మను ఫోన్ ఇమ్మన్నాను, వంట మీద ఉన్నదన్నాడు. నేను గది మొత్తం గెంతాను. కింద నుంచి మేడమ్, సున్నం రాలుతాంది అని అరిచింది. తర్వాత తనే పైకొచ్చింది. నన్ను పట్టుకుని ఆమె కూడా ఏడ్చింది, ఈ ఆడమనిషి కూడా ఏడుస్తుందా అనుకున్నాను. నాలుగు నెలలుగా గుండెలో ఉన్న బండ దిగింది.

బొల్లిదానికి ఈసారి ఒకటేనట. అది ఎప్పుడూ కవలలే కంటుంది.

జనవరి 21, ఆదివారం

చెప్పకుండా పోయాను. మిర్యాలగూడలో బస్సు దిగి ఆటోలో, ఆటో దిగి గట్ల మీద నడిచి. దూరం నుంచే మందను చూశాను. అమ్మ నన్ను చూడగానే సంతోషపడలేదు. ముందు బాపు దిక్కు చూసింది.

పిల్లల చుట్టూ కట్టిన వల దగ్గరికి పోయాను. చుక్కది పిలిచింది, పిల్ల పరుగెత్తుకొచ్చి కిందికి దూరింది. తోక ఆడిస్తూ తాగుతోంది. ముద్దొచ్చింది. తర్వాత మొహం చూశాను. నుదుట చుక్క లేదు. సగం మొహం తెలుపు, సగం నలుపు. అది బొల్లిదాని ఇంటి మొహం, మా మందలో ఇంకే తల్లికీ అలాంటి పిల్ల పుట్టదు.

అమ్మ చెప్పింది. చుక్కది తెల్లారగట్ల ఈనింది. పిల్ల కాళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, మెడ పక్కకు తిరిగి ఉంది. ఊపిరి తియ్యలేదు. ఆడదే. అదే పొద్దున బొల్లిది రెండు పిల్లల్ని ఈనింది. బొల్లి వరస అమ్మది, పెళ్లప్పుడు అవ్వ అరణంగా, అంటే పుట్టింటి కానుకగా ఇచ్చిన గొర్రె సంతానం. రెండో పిల్లను నేనే ఇచ్చిన, నా బిడ్డ వరస ఆగొద్దని అంది అమ్మ. బాపు చనిపోయిన పిల్ల తడిని ఈ పిల్ల ఒంటికంతా రుద్ది, చుక్కదాన్నీ దీన్నీ చిన్న వలలో వేరుగా పెట్టాడట. మొదటి రోజు చుక్కది తలతో నెట్టేసింది. రెండో రోజు వాసన చూసి పక్కకు జరిగింది. మూడు రోజులు బాపు తిండి కూడా అక్కడే తిన్నాడు, తల్లిని పట్టుకుని పిల్లకు పాలిప్పిస్తూ. మూడో రోజు మధ్యాహ్నం చుక్కది దాన్ని పిలిచింది. ఆ సాయంత్రమే బాపు నాకు ఫోన్‌లో చుక్కది ఈనిందని చెప్పాడు.

పశువుల డాక్టరు చూసి, మందు వల్లనే అని చెప్పలేం, కాదని కూడా చెప్పలేం అన్నాడట. నాకు తెలుసు.

బాపు దగ్గరికి పోయి కూర్చున్నాను. నువ్వు కూడా గమనిక తీసేసినవ్ బాపూ అన్నాను. ముందు అర్థం కాలేదు. నేను హెచ్చరికను మాయం చేసినట్టే నువ్వు ఆ పిల్లను మాయం చేసినవ్, పేర్లు చదివేటప్పుడు దాటేసినవ్ అన్నాను. కోపంగానే అన్నాను. బాపు గడ్డం గోక్కున్నాడు. నువ్వు తెల్వక చేసినవ్, నేను తెలిసి చేసిన, గంతే కదా అన్నాడు. ఫోన్ల నీ ఏడుపు వింటే నేను గాడికెట్ల రావాలె, ఈడ మందను ఎవల మీద ఇడవాలె అన్నాడు. అప్పుడు బాపు ఏడ్చాడు. నేను పుట్టినప్పటి నుంచీ చూడలేదు. గొంగడి అంచు నా కాళ్ల మీదికి లాగి కప్పాడు, ఎండలోనే.

మరి ఇది ఎవరిది అని అడిగాను. ముక్కు తుడుచుకుని, పిలిచిందా లేదా అన్నాడు. పిలిచింది అన్నాను. ఇగ అయిపాయె, దానిదే, నీదే అన్నాడు. అమ్మ జొన్నరొట్టె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ముగ్గురం తిన్నాం.

బయల్దేరే ముందు బాపు జేబులోంచి మంద ప్రింటు తీసి నా చేతిలో పెట్టాడు. గిది తప్పున్నది, దిద్దుకరా అన్నాడు.

జనవరి 22, సోమవారం

దిద్దాను.

తల్లి: చుక్కది.
పిల్ల: ఆడది. కాళ్లు ముడుచుకుని పుట్టింది. బతకలేదు.
పిల్ల: ఆడది, బొల్లి మొహం. కన్నది బొల్లిది. ఇచ్చింది సోమమ్మ. పిలిచింది చుక్కది.
గమనిక: మందు కాగితంలో హెచ్చరిక లేదు. తీసేసింది స్వర్ణ.

ప్రింటు చూశాను. గమనిక వచ్చింది, అదే సైజులో.